కోచ్ కూడా కార్మికుడే
(పొన్నేరిలో జరిగిన సభ్యుల సమావేశంలో సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనస్, గ్రాట్యుటీ గురించి మాట్లాడాల్సిన చోట ఫుట్‌బాల్ కోచ్‌ల సంగతి ఎందుకని మీలో కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. లక్షల్లో జీతం తీసుకునేవాడికీ, రింగ్ ఫ్రేము దగ్గర ఎనిమిది గంటలు నిలబడేవాడికీ ఏమిటి సంబంధమని అనిపిస్తుంది. సంబంధం ఉంది. ముందు జరిగింది చెబుతాను, తర్వాత మీరే తేల్చుకోండి.

2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఒక ప్రైవేటు కంపెనీతో 15 ఏళ్ళ ఒప్పందం చేసుకుంది. ఇండియన్ సూపర్ లీగ్ అంతా ఆ ఒప్పందం మీదే నడిచింది. దాని గడువు 2025 డిసెంబరు 8. కొత్త ఒప్పందం తేలలేదని 2025 జూలైలో లీగును ఆపేశారు. ఆగస్టు వచ్చేసరికి బెంగళూరు క్లబ్బు మొదటి జట్టు ఆటగాళ్ళకూ, సిబ్బందికీ జీతాలు నిలిపివేసింది. మన పక్కనే ఉన్న చెన్నయిన్ క్లబ్బు కార్యకలాపాలు ఆపేసింది. 2015లోనూ, 2017-18 లోనూ కప్పు గెలిచిన క్లబ్బు అది. మిల్లు భాషలో దీన్ని లేఆఫ్ అంటాం. మనకైతే లేఆఫ్‌కు సగం జీతమైనా ఇవ్వాలని చట్టంలో రాసి ఉంది. వాళ్ళకు అదీ లేదు. చివరికి 2026 ఫిబ్రవరి 14న కుదించిన లీగు మొదలైంది. కానీ ఆగిన నెలల్లో ఇంటి అద్దె ఆగలేదు, పిల్లల ఫీజు ఆగలేదు.

తెలుగువాళ్ళ క్లబ్బు సంగతి చూడండి. హైదరాబాద్ ఎఫ్‌సి 2022 మార్చిలో లీగు కప్పు గెలిచింది. రెండేళ్ళు తిరగకుండానే జీతాల బకాయిలు పేరుకుపోయాయి, ఫిర్యాదులు ఫీఫా దాకా వెళ్ళాయి, కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధం పడింది. పేరున్న ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో తంగ్బోయ్ సింగ్టో అనే మన దేశపు కోచ్ జట్టును నడిపాడు. జట్టు అట్టడుగున నిలిచింది. క్లబ్బు చేతులు మారింది. 2024 డిసెంబరులో ఆయన్ని పంపించేశారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. నూలు ఇవ్వకుండా, మగ్గం బాగుచేయకుండా, బట్ట తక్కువ నేశావని నేతగాణ్ణి తీసేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇప్పుడు ఇంకో కోచ్ కథ. భారత జట్టుకు కోచ్‌గా ఉన్న క్రొయేషియా దేశస్థుడు ఇగోర్ స్టిమాచ్‌ను 2024 జూన్‌లో తీసేశారు. ఆయన కాంట్రాక్టు 2026 దాకా ఉంది. బకాయి ఇవ్వకపోతే ఫీఫాకు వెళతానన్నాడు. ఆఖరికి సమాఖ్య 4 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఆయన నిబంధన తెలిసినవాడు, కాగితం చేతిలో ఉన్నవాడు. ఫీఫా నిబంధనల్లో 2021 నుంచి కోచ్‌లకు ప్రత్యేక భాగం ఉంది. రెండు నెలల జీతం బాకీ పడితే, 15 రోజుల నోటీసు ఇచ్చి, న్యాయమైన కారణంతోనే కోచ్ కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. అయితే ఫీఫా వినేది దేశాల మధ్య వివాదాలను. మన దేశపు క్లబ్బు మీద మన దేశపు కోచ్‌కు తగాదా వస్తే ఇక్కడి సమాఖ్య గడపే తొక్కాలి. ఇక పిల్లలకు నేర్పే చిన్న కోచ్ మాటకొస్తే, చాలా చోట్ల అతని చేతిలో కాగితమే ఉండదు.

లేబర్ కోర్టుకు వెళ్ళవచ్చు కదా అంటారు. 1988లో సుప్రీంకోర్టు గోవాకు చెందిన ఒక ఉపాధ్యాయురాలి కేసులో, బడిలో పాఠం చెప్పేవారు పారిశ్రామిక వివాదాల చట్టం కింద వర్క్‌మన్ కారని తీర్పు చెప్పింది. కోచ్ చేసేదీ నేర్పే పనే. యాజమాన్యం లాయరు ఆ తీర్పునే అడ్డం పెట్టగలడు. ఒక గొడుగు కింద చోటు లేదు, ఇంకో గొడుగు చాలా దూరం.

పూర్వం ఇలా లేదు. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మీరు విని ఉంటారు. వృత్తిరీత్యా బడిపంతులు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోనే మనకు బంగారు పతకాలు వచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తాకు క్యాన్సర్‌తోనే వెళ్ళాడు, 1963 జూన్‌లో కన్నుమూశాడు. ఆ కాలంలో ఆటగాళ్ళకు పోలీసు, రైల్వే, మిల్లుల్లో ఉద్యోగాలు ఉండేవి. ఓడినా కూడు పోయేది కాదు.

మన బట్టల మిల్లుకే గొప్ప జట్టు ఉండేది. పంజాబు ఫగ్వారాలోని జెసిటి మిల్లు జట్టు సుఖ్వీందర్ సింగ్ శిక్షణలో 1996-97లో మొట్టమొదటి జాతీయ లీగు గెలిచింది. విజయన్, భూటియా అందులో ఆడారు. 2011లో యాజమాన్యం ఆ జట్టును రద్దు చేసింది. దాని వల్ల లాభం లేదనుకుంది, అంతే. మన పెరంబూరు బి అండ్ సి మిల్లు 1996లో మూతపడినప్పుడు మన తెలుగు కుటుంబాలు ఎన్ని వీధిన పడ్డాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

సోదరులారా, అసలు విషయానికి వస్తాను. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో గడువు కాంట్రాక్టు ఉద్యోగానికి చట్టబద్ధత ఇచ్చారు. సమాన జీతం ఇవ్వాలి, ఏడాదికే గ్రాట్యుటీ ఇవ్వాలి అని ఉంది. మంచిదే, అడిగి తీసుకుందాం. కానీ గడువు తీరి పని పోతే అది రిట్రెంచ్‌మెంటు కాదు. నోటీసు లేదు, పరిహారం లేదు. కోచ్ బతుకు ఎప్పుడూ ఇదే. సీజను అయితే ఇంటికి. రేపు మన డాఫింగ్, వైండింగ్ ఖాతాల్లో ఏడాదికోసారి కాగితం మార్చే రోజు వస్తే, మనమూ కోచ్‌లమే. బూట్లు ఉండవు, అంతే తేడా.

ఆటగాళ్ళకు మన దేశంలో 2006 నుంచి సంఘం ఉంది. ఇంగ్లండులో మేనేజర్లు 1992లోనే సొంత సంఘం పెట్టుకున్నారు, తీసేసినప్పుడు లాయరును ఇచ్చేది ఆ సంఘమే. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో వాడియా, సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు కలిసి మద్రాసు లేబర్ యూనియన్ పెట్టినప్పుడు, మిల్లు కూలీలకు సంఘమేమిటని నవ్వినవాళ్ళున్నారు. కోచ్‌లకు సంఘమేమిటని ఇవాళ నవ్వకండి.

మీ పిల్లలు సాయంత్రం గ్రౌండుకు వెళతారు. అక్కడ నేర్పే తమ్ముణ్ణి రెండు మాటలు అడగండి. చేతిలో నియామక కాగితం ఉందా? జీతం బ్యాంకులో పడుతోందా? లేకపోతే మన సంఘం ఆఫీసుకు తీసుకురండి. అర్జీ రాయడానికి మనవాళ్ళున్నారు. గడువు కాంట్రాక్టు మీద ఉన్న మన సభ్యులు కూడా కాగితం నకలు తెచ్చి ఆఫీసులో ఇవ్వండి. గడువు ఎప్పుడు తీరుతుందో మేము పుస్తకంలో రాసుకుంటాం. ఆ తేదీకి నెల ముందే యాజమాన్యంతో కూర్చుందాం. తీసేసిన మర్నాడు గేటు దగ్గర నిలబడడం కన్నా, తీసేయకముందు బల్ల దగ్గర కూర్చోవడం మేలు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!