ఓజోన్‌కు చిల్లు ఎక్కడ పడింది?



వేసవిలో ఎండ మాడ్చేస్తుంటే, "ఓజోన్‌కు చిల్లు పడిందట, అందుకే ఈ ఎండలు" అంటారు కొందరు. చిల్లు పడిన మాట నిజమే. కానీ అది శ్రీకాకుళం మీద పడలేదు. విజయనగరం మీదా పడలేదు. మన ఎండలకు అది కారణం కాదు.

మరి ఓజోన్ అంటే ఏటి? అదొక వాయువు. నేలకు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో ఎక్కువగా ఉంటుంది. దాన్నంతా కిందికి దించి నేలమీద పరిస్తే, మందం 3 మిల్లీమీటర్లే. రూపాయి బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో, అంత.

అంత పలచటిదే మనల్ని కాపాడుతోంది. ఎండలో కంటికి కనబడని కిరణాలు ఉంటాయి. వాటిని అతినీలలోహిత కిరణాలు అంటారు. అవి ఎక్కువైతే కంట్లో శుక్లాలు వస్తాయి. చర్మానికి క్యాన్సర్ వస్తుంది. పైరుకూ చెరుపే. వాటిలో చాలా భాగాన్ని ఓజోన్ పైనే ఆపేస్తుంది. పగలంతా మడిలో వంగి ఊడ్చేవారికి, తెప్పమీద వేటకు పోయేవారికి అది లేకపోతే ఎలా?

చిల్లు పడింది భూమికి దక్షిణపు కొసన, అంటార్కిటికా అనే మంచు ఖండం మీద. బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి అక్కడ ఓజోన్‌ను కొలిచారు. చలికాలం వెళ్ళగానే అది బాగా తగ్గిపోతోందని 1985లో లోకానికి చెప్పారు. మన దేశానికీ అక్కడ మైత్రి అనే కేంద్రం ఉంది. మన వాతావరణ శాఖవారు అక్కడ బెలూన్లు ఎగరేసి ఓజోన్‌ను కొలిచారు.

దీనికి కారణం ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాలలో వాడిన సీఎఫ్‌సీ వాయువులు. ఏ ఊళ్ళో వదిలినా అవి గాలిలో కలిసి భూమంతా తిరుగుతాయి. పదుల ఏళ్ళు చెడవు. మెల్లగా పైకి చేరి, ఎండకు విరిగి, క్లోరిన్‌ను వదులుతాయి. ఆ క్లోరిన్ చాలావరకు వేరే వాయువులతో కలిసి, గుంజకు కట్టేసిన ఎద్దులా ఊరకే ఉంటుంది.

మరి అంటార్కిటికాలోనే ఎందుకు? మన దగ్గర ఊడుపులు జరిగే రోజుల్లో అక్కడ చలికాలం. వారాలు, నెలలు సూర్యుడు కనబడడు. పైన చలి సున్నకు 78 డిగ్రీల కిందికి దిగిపోతుంది. చుట్టూ గాలులు సుడి తిరుగుతూ కంచెలా నిలుస్తాయి. బయటి వెచ్చని గాలిని లోపలికి రానీయవు. ఆ చలికి అంత ఎత్తులోనూ సన్నటి మబ్బులు పడతాయి. ఆ మబ్బు రేణువుల మీద క్లోరిన్ కట్లు తెగుతాయి.

సెప్టెంబరులో సూర్యుడు తిరిగి వస్తాడు. ఎండ తగలగానే, కట్టు తెగిన ఎద్దు చేలో పడ్డట్టు, క్లోరిన్ ఓజోన్ మీద పడుతుంది. ఒక్క క్లోరిన్ రేణువు వేల ఓజోన్ రేణువులను విరగ్గొడుతుంది. తాను మాత్రం అరగదు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగే దసరా రోజులకు అక్కడ చిల్లు బాగా పెద్దదై ఉంటుంది. తర్వాత గాలి వెచ్చబడి కంచె విరుగుతుంది. బయటి ఓజోన్ లోపలికి వస్తుంది. చిల్లు పూడుతుంది. మరుసటి ఏడు మళ్ళీ ఇదే వరస.

దీన్ని ఆపాలని 1987లో మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. భారతదేశం 1992లో చేరింది. ఇప్పుడు ప్రపంచ దేశాలన్నీ అందులో ఉన్నాయి. 2010 నాటికి ఫ్రిజ్‌ల కోసం సీఎఫ్‌సీల తయారీ ఆగింది. ఓజోన్ మెల్లగా కోలుకుంటోంది. 2066 ప్రాంతానికి అంటార్కిటికా మీద అది 1980 నాటి స్థితికి వస్తుందని శాస్త్రవేత్తల అంచనా. అంత ఆలస్యం ఎందుకు? అప్పుడు వదిలిన గ్యాసు ఇంకా పైనే ఉంది కనుక.

మనం చేయగలిగింది ఒకటుంది. పాత ఫ్రిజ్, పాత ఏసీ పాత సామాన్లకు వేసేటప్పుడు గొట్టం విరగ్గొట్టి గ్యాసు వదలనీయకండి. గ్యాసును సిలిండరులోకి పట్టే మెకానిక్‌ను పిలవండి. పక్కింటివారికీ ఈ మాట చెప్పండి.