ఒకే మొక్క: మందు వేరు, మత్తు వేరు
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, ఇమామ్ సాహెబ్ గారికి, వేదికనలంకరించిన పెద్దలకు, అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి విచ్చేసిన దాతలకు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి కూడా ఈ సభకు సమయం కేటాయించిన తమ్ముళ్లకు, అక్కచెల్లెళ్లకు మా సలాములు.

ఏటా ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల లెక్క, నోటు పుస్తకాల లెక్క చెప్పడం మాకు అలవాటు. ఈసారి మేము చేసిన ఒక తప్పు లెక్క కూడా చెప్పాలి. అది మీరిచ్చిన డబ్బుతో చేసిన తప్పు కాబట్టి మీ ముందే ఒప్పుకోవడం ధర్మం.

కిందటేడు ఒక తల్లి మా దగ్గరికి వచ్చింది. ఆమె బాబుకు ఐదేళ్లు. మూర్ఛ జబ్బు. "మాష్టారూ, ఈ నూనె పోస్తే ఫిట్స్ పోతాయంట. ఫారిన్‌లో డాక్టర్లే ఇస్తన్నారంట" అని ఫోన్‌లో ఒక ప్రకటన చూపించింది. గంజాయి జాతి మొక్క నుంచి తీసిన నూనె, మత్తు ఉండదు, అన్ని రోగాలకూ పనిచేస్తుంది అని ఉంది అందులో. తల్లి కన్నీళ్లు చూసి మేము కరిగిపోయాం. నలుగురం కూర్చుని, వైద్య సాయం పద్దులోంచి మూడు సీసాలకు డబ్బిచ్చేశాం. డాక్టరు చీటీ ఏదని ఒక్కరమూ అడగలేదు.

నూనె పోస్తున్నాం కదా అని ఇంట్లో వాళ్లు మాత్రలు ఆపేశారు. మూడో వారంలో, తెల్లవారుజామున బాబుకు మూర్ఛ వచ్చింది, ఎంతకీ ఆగలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అల్హమ్దులిల్లాహ్, బిడ్డ దక్కాడు. ఆ రోజు పిల్లల డాక్టరు గారు సీసా తిప్పి చూసి, "మాష్టారూ, మీరు పాఠాలు చెప్పేవారు కదా, దీని మీద ఉన్నది చదవలేదా?" అని అడిగారు. తల దించుకున్నాం. ఆ తర్వాత కూర్చుని చదివాం. చదివింది మీకు చెప్పాలనే ఈ ప్రసంగం.

గంజాయి మొక్కలో వందకు పైగా ప్రత్యేక రసాయనాలున్నాయి. వాటిలో రెండే ముఖ్యం. ఒకటి టీహెచ్‌సీ, రెండోది సీబీడీ. రెండూ ఒకే మొక్కలో పుట్టినా స్వభావాలు వేరు.

మత్తు కలిగించేది టీహెచ్‌సీ. 1964లో రఫాయెల్ మెషూలామ్, గావోనీ అనే శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి నిర్మాణం తేల్చారు. మెదడులో జ్ఞాపకానికి, ఆకలికి, కదలికలకు సంబంధించిన చోట్ల కొన్ని గ్రాహకాలుంటాయి. టీహెచ్‌సీ వాటిని పట్టుకుంటుంది. అందుకే మత్తు, మతిమరుపు, అతి ఆకలి. ఆ గ్రాహకాల కోసం మన శరీరమే తయారుచేసుకునే పదార్థం 1992లో బయటపడితే, దానికి మన 'ఆనందం' అనే మాట నుంచే 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు. టీహెచ్‌సీకి వైద్యంలో చోటు లేకపోలేదు. క్యాన్సర్ మందుల వల్ల ఆగని వాంతులకు, ఎయిడ్స్ రోగుల్లో ఆకలి పెరగడానికి దాన్ని గొట్టాల రూపంలో విదేశాల్లో ఇస్తారు. కొలత ప్రకారం, వైద్యుల అదుపులో. అదే టీహెచ్‌సీ చిలుంలో, సిగరెట్టులో పదిహేనేళ్ల కుర్రాడి మెదడుకు చేరితే చదువు పోతుంది, కొందరిలో మతి చలిస్తుంది. ఎదిగే మెదడుకు అపాయం ఎక్కువ.

సీబీడీ మత్తు కలిగించదు. గట్టి రుజువులున్నది మూర్ఛ విషయంలో. అదీ అన్ని మూర్ఛలకూ కాదు. డ్రావెట్, లెనాక్స్-గాస్టాట్ అనే రెండు అరుదైన, మొండి రకాలకు 2018 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ శుద్ధిచేసిన సీబీడీ మందును అనుమతించింది. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ వల్ల వచ్చే మూర్ఛను చేర్చింది. ఈ మందును కూడా సాధారణంగా మిగతా మాత్రలతో కలిపి ఇస్తారే గానీ, వాటిని మాన్పించి ఇవ్వరు. నిద్రమత్తు, విరేచనాలు, కాలేయం మీద ప్రభావం ఉంటాయి. మన పిల్లలు ఎక్కువగా వాడే వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయానికి ముప్పు పెరుగుతుంది. రక్త పరీక్షలు చేస్తూ వాడాల్సిన మందు అది.

ఈ రెండూ సమపాళ్లలో కలిపిన నోటి స్ప్రే ఒకటి ఉంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల్లో కండరాలు బిగుసుకుపోవడానికి కొన్ని దేశాల్లో వాడతారు. ఇక సీబీజీ, సీబీఎన్ అని ప్రకటనల్లో కనిపించే పేర్లకు ఇంకా చాలావరకు ప్రయోగశాల స్థాయి ఆధారాలే ఉన్నాయి. నిద్రకు, కీళ్ల నొప్పులకు, షుగరుకు, క్యాన్సరుకు అన్నింటికీ ఒకే చుక్క అని ఎవరైనా చెబితే, మన సంతలో పాము నూనె అమ్మేవాడు గుర్తుకు రావాలి.

ఇప్పుడు మేము కొన్న సీసా సంగతి. దాని మీద 'హెంప్ సీడ్ ఆయిల్' అని ఉంది. అంటే గింజల నూనె. మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ 2021లో హెంప్ గింజల్ని, వాటి నూనెను, పిండిని ఆహారంగా అనుమతించింది. మంచి కొవ్వులు, మాంసకృత్తులు ఉన్న ఆహారమే. కానీ వాటిలో సీబీడీ కిలోకు 75 మిల్లీగ్రాములు మించకూడదని అదే నిబంధన. లెక్కల మాష్టార్లం కాబట్టి లెక్క వేశాం. సీబీడీ మందుగా వాడేటప్పుడు సాధారణంగా బిడ్డ బరువులో కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాములు ఇస్తారు. 15 కిలోల బిడ్డకు రోజుకు 150 మిల్లీగ్రాములు. ఆ నూనెతో అంత సీబీడీ కావాలంటే రోజుకు కనీసం రెండు కిలోల నూనె తాగించాలి! 100 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 7 మిల్లీగ్రాములు దాటదు. మేము మీ డబ్బుతో కొన్నది వంట నూనె. మన కొబ్బరి నూనె కంటే ఎన్నో రెట్లు ఖరీదైన వంట నూనె.

ఈ ఆశ కొత్తది కాదు. 1839లో కలకత్తాలో ఓషానెసీ అనే ఐరిష్ వైద్యుడు పసిబిడ్డ మూర్ఛకు గంజాయి ద్రావణం వాడి రాసిపెట్టాడు. అంతకు దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందే ఇబ్నుల్ బద్రీ అనే అరబ్బీ గ్రంథకర్త బాగ్దాదు నాటి ముచ్చట ఒకటి చెప్పాడు. ఖలీఫా కొలువులోని ఒక పెద్ద ఉద్యోగి కొడుకుకు మూర్ఛ. హషీష్ ఇస్తే మూర్ఛ తగ్గిందట గానీ, ఇక బతికినన్నాళ్లూ అది లేకుండా ఉండలేకపోయాడట. మందునూ మత్తునూ విడదీయడం తెలియని కాలంలో రోగం పోయి వ్యసనం మిగిలింది. 14వ శతాబ్దపు కైరో పండితుడు జర్కషీ హషీష్ నిషేధం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. మత్తు మనకు నిషిద్ధమని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మందు సంగతి ఇమామ్ సాహెబ్ గారిని అడిగితే, "ముందు డాక్టరును అడగండి, తర్వాత మా దగ్గరికి రండి" అన్నారు. ఆ వరసే సరైనది.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి కిలో లోపు దొరికినా ఏడాది వరకు జైలు. 20 కిలోలు మించితే పదేళ్లకు తక్కువ కాదు. మన్యం నుంచి దిగే సరుకుకు బండి నడిపితే చాలు వేలు ఇస్తామని మన కుర్రాళ్లకు ఆశ చూపేవాళ్లున్నారు. గల్ఫ్ వెళ్లే తమ్ముళ్లకు ఇంకో మాట: ఇక్కడ ఆన్‌లైన్‌లో దొరికింది కదా అని అలాంటి నూనె సీసా పెట్టెలో పెట్టుకోకండి. అక్కడి విమానాశ్రయంలో అది నూనె కాదు, కేసు. ఎవరో ఇచ్చిన పొట్లం అసలే మోయకండి.

ఇక బాబు విషయం. న్యూరాలజిస్టు చూసి, ఇది అరుదైన రకం కాదు, మామూలు మాత్రలకు లొంగేదే అన్నారు. సరైన వైద్యం అందితే మూర్ఛ ఉన్నవారిలో పదిమందికి ఏడుగురు దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్లకు కావాల్సింది ఒక్క పూట కూడా తప్పకుండా వేసే మాత్ర. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాక ఆ బాబుకు ఇప్పటికి ఏడు నెలలుగా మూర్ఛ రాలేదు. జూన్‌లో ఒకటో తరగతిలో చేరాడు.

అందుకే ఈ ఏడు మేము మూడు నిర్ణయాలు తీసుకున్నాం. ఒకటి: ఎంత కన్నీరు చూసినా, డాక్టరు చీటీ లేకుండా వైద్య సాయం ఇవ్వం. రెండు: ఒక్కసారి పెద్ద మొత్తం కాకుండా, మూర్ఛ ఉన్న పిల్లలకు నెలనెలా మాత్రలు అందేలా మందుల షాపు బిల్లు నేరుగా కడతాం. దీనికి ఒక్కో బిడ్డను ఒక్కో దాత ఏడాదిపాటు దత్తత తీసుకోవాలని మా మనవి. మూడు: గంజాయికి అలవాటుపడిన కుర్రాణ్ని తిట్టి వీధిలోకి నెట్టం. వ్యసనం నుంచి బయటపడడానికి 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వస్తే చట్టం కూడా కొంత వెసులుబాటు ఇస్తుంది. దారి ఖర్చు మాది, తోడు రావడం మాది.

ఆ మూడు సీసాల సొమ్మును కమిటీ సభ్యులం మా జేబుల్లోంచి తిరిగి పద్దులో జమ చేశాం. రసీదు ఈ సంచిక లెక్కల పేజీలో ఉంది, దయచేసి చూడండి. మీ నమ్మకం మా దగ్గర అమానతు. దాన్ని జాగ్రత్తగా ఖర్చుపెట్టే తెలివిని అల్లాహ్ మాకు ప్రసాదించుగాక. ఆమీన్.