పికిల్‌బాల్‌కి ఏ షూ కొనాలి? షాపులోనే చేసే మూడు టెస్టులు

ఈ ఎపిసోడ్ పికిల్‌బాల్ కొత్తగా మొదలుపెట్టిన వాళ్ల కోసం. అందరూ అడిగేది ఒకటే, "భయ్యా, ఏ ప్యాడిల్ కొనాలి?" అని. నేను మాత్రం ముందు షూ కొనండి అంటాను. ప్యాడిల్ ఫ్రెండ్ దగ్గర తీసుకున్నా ఆట నడుస్తుంది. కాలు ఎవరి దగ్గరా అప్పు దొరకదు కదా! మన జల్‌పల్లి, పహాడీ షరీఫ్ వైపు సాయంత్రం ఆడే కుర్రాళ్లలో పగలంతా డెలివరీ చేసేవాళ్లున్నారు, షాపుల్లో నిలబడి పనిచేసేవాళ్లున్నారు. చీలమండ బెణికి రెండు వారాలు ఇంట్లో కూర్చుంటే ఆటతో పాటు సంపాదన కూడా ఆగిపోతుంది.

"నా దగ్గర మంచి రన్నింగ్ షూ ఉంది, చాలదా?" అంటారు. చాలదు. ఎందుకో చెప్తా.

1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో, ఒక ఇంటి ఆవరణలో ఉన్న పాత బ్యాడ్మింటన్ కోర్టు మీద ఈ ఆట పుట్టింది. అందుకే ఇప్పటికీ కోర్టు కొలత అదే, 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. నెట్‌కి రెండు వైపులా 7 అడుగుల మేర "కిచెన్" ఉంటుంది. ఆ గీత దగ్గర నిలబడి కుడికి, ఎడమకి జరుగుతూ ఆడటమే ఈ ఆటలో సగం పని. ఇంత చిన్న కోర్టులో తిన్నగా పరిగెత్తేది తక్కువ. పక్కకి జరగడం, టక్కున ఆగడం ఎక్కువ.

రన్నింగ్ షూ ముందుకు పరిగెత్తడానికి తయారైంది. మడమ కింద మెత్తగా, ఎత్తుగా ఉంటుంది. పక్కల పల్చటి జాలీ గుడ్డ. మీరు పక్కకి ఆగినప్పుడు షూ ఆగుతుంది, లోపల పాదం మాత్రం జారిపోతూనే ఉంటుంది. ఎత్తయిన సోల్ ఒక పక్కకి ఒరిగిందంటే చీలమండ కూడా దాంతోపాటే మడత పడుతుంది. కోర్టు షూ అలా కాదు. నేలకి దగ్గరగా, అడుగున వెడల్పుగా, పక్కల గట్టిగా ఉంటుంది.

మరి ఏ కోర్టు షూ? మీరు ఆడే నేలని బట్టి తీసుకోవాలి. ఇండోర్‌లో చెక్క నేల మీదో, మ్యాట్ మీదో ఆడితే బ్యాడ్మింటన్ షూ బాగా పనికొస్తుంది. గోపీచంద్ అకాడమీ ఉన్న ఊరు మనది, బ్యాడ్మింటన్ షూ దొరకని స్పోర్ట్స్ షాపు ఉంటుందా! దాని మెత్తటి గమ్ రబ్బరు నేలని పట్టుకుంటుంది. కానీ అదే షూ వేసుకుని ఆరుబయట సిమెంటు కోర్టులో ఆడితే ఆ రబ్బరు త్వరగా అరిగిపోతుంది. బయట ఆడేవాళ్లు హార్డ్ కోర్టు టెన్నిస్ షూ తీసుకోండి. సోల్ గట్టిగా, అడుగున వంకర గీతలు దగ్గర దగ్గరగా ఉండాలి. రెండు చోట్లా ఆడతారా? మరకపడని సోల్ ఉన్న టెన్నిస్ షూ చూసుకోండి.

ఇప్పుడు మూడు టెస్టులు. కోఠీలో కొన్నా, పెద్ద షోరూంలో కొన్నా, పేరున్న కంపెనీదైనా, ఫస్ట్ కాపీ అయినా ఇవి చేయకుండా డబ్బులు ఇవ్వకండి.

ఒకటి, పిండండి. మడమ, ముందు భాగం రెండు చేతులతో పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు తిప్పండి. సులువుగా మెలిక తిరిగితే పక్కన పెట్టేయండి.

రెండు, వంచండి. వేళ్ల దగ్గర వంగాలి. మధ్యలో విరిగినట్టు వంగితే వద్దు.

మూడు, మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కండి. లోపలికి కుంగిపోతే అది మీ మడమని పట్టుకోలేదు.

ఈ మూడూ పాసైతే అప్పుడు కాలికి వేసి చూడండి. సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆడేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకుని, రెండు కాళ్లకీ తొడగండి. పొడవాటి వేలి ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. లేసు కట్టి, షాపులోనే నాలుగడుగులు పక్కకి వేసి గబుక్కున ఆగండి. లోపల పాదం కదిలినా, వేళ్లు ముందుకి గుద్దుకున్నా సైజు మార్చండి. పాదం వెడల్పుగా ఉన్నవాళ్లు ఒక సైజు పెంచి సరిపెట్టుకోకండి, వెడల్పు మోడల్ అడగండి.

ఇక బడ్జెట్. రెండు మూడు వేలల్లోనే పనికొచ్చే కోర్టు షూ దొరుకుతుంది. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే ఖరీదైన ప్యాడిల్ ఒక నెల వాయిదా వేయండి, షూ కాదు.

చివరిగా ఒక మాట. ఆ షూ వేసుకుని బండి నడపొద్దు, రోడ్డు మీద తిరగొద్దు. మన రోడ్ల దుమ్ము, కంకర సంగతి తెలిసిందేగా! సోల్ గీతల్లో దుమ్ము చేరితే కోర్టులో జారుతుంది. చెప్పులతో వెళ్లి, అక్కడ మార్చుకోండి. నెలకోసారి సోల్ తిప్పి చూడండి. బొటనవేలి కింద గీతలు నున్నగా అయితే, పైన ఎంత కొత్తగా కనిపించినా దాని పని అయిపోయినట్టే.

మీరు ఏ నేల మీద ఆడుతున్నారో కామెంట్‌లో రాయండి. ఈ వారం షూ కొనబోతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్లు షాపుకి వెళ్లకముందే ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, బై!