అదనుకు అందే మంచునీరు



హిమాలయములలోని లడఖ్‌లో లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అచ్చట వానలు మిక్కిలి తక్కువ. యవలు, గోధుమ పండించుటకు కొండమంచు కరిగి వచ్చు నీరే ఆధారము. ఏప్రిల్, మే నెలలలో విత్తవలెను. పైనున్న హిమానీనదముల నీరు జూన్‌లో గాని దండిగా రాదు. విత్తుట ఆలస్యమైనచో పైరు పండకముందే చలి ముంచుకొనివచ్చును.

1987లో చేవాంగ్ నార్ఫెల్ అను ఇంజనీరు దీనికొక ఉపాయము ప్రారంభించెను. చలికాలమున వృథాగా పోవు వాగునీటిని గ్రామమునకు ఎగువన నీడపట్టునకు మళ్లించి, రాతికట్టలతో వేగము తగ్గించుదురు. ఆ నీరు పొరలుపొరలుగా గడ్డకట్టును. హిమానీనదముల కన్న దిగువన ఉండుటచే విత్తు వేళకే కరుగును.

అయితే, చలి, మంచు ఏటేటా మారుటచే ఈ నిల్వ ఒకే తీరున ఉండదని పరిశోధకులు గుర్తించిరి. వరదలకు కట్టలు దెబ్బతినును, మరమ్మతు తప్పదు.

మన పొలములకు ఈ పద్ధతి కుదరదు. కాని నీరు ఎంత యున్నదను లెక్కతోబాటు, ఎప్పుడు అందునను లెక్కయు ముందే వేసికొనుడు.