పక్కనే పట్టాలున్నాయి, మనం మాత్రం హైవే మీద నిలబడ్డాం

ఈ ఎపిసోడ్‌లో మన విశాఖ ట్రాఫిక్ గురించి మాట్లాడుకుందాం. ఫ్లైఓవర్ల గురించి, మెట్రో గురించి చాలా చర్చలు విన్నారు కదా, నేను మాట్లాడేది పాసింజర్ రైలు గురించి.

మాది విజయనగరం దగ్గర ఊరు. విశాఖలో ఉద్యోగం. కొన్నేళ్లు రైల్లో సీజన్ టికెట్ మీద తిరిగాను, తర్వాత డ్యూటీ టైమ్ మారి బైక్ ఎక్కాను. బైక్ ఎందుకంటే నా డ్యూటీ అయ్యే టైముకి రైలు లేదు, అంతే. నాలాంటి వాళ్లు ఎంతమంది ఉంటారో హైవే మీద పొద్దున్న ఎనిమిదింటికి నిలబడి చూడండి.

ముందు మన ఊరి నైసర్గిక స్వరూపం చూద్దాం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సింహాచలం కొండలు, యారాడ కొండ. హైదరాబాద్‌లా నాలుగు దిక్కులా పెరగడానికి చోటు లేదు. ఊరు పొడుగ్గా సాగింది. గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, అన్నీ ఒకే దారం మీద గుచ్చిన పూసలు. ఆ దారం పేరు 16వ నంబర్ జాతీయ రహదారి. అందుకే ఒకచోట లారీ ఆగితే పది చోట్ల జనం ఆగిపోతారు.

ఇప్పుడు పట్టాలు చూడండి. 1890లలో వేసిన ఈస్ట్ కోస్ట్ లైన్ ఇది. అనకాపల్లి, దువ్వాడ, గోపాలపట్నం మీదుగా ఒక పక్క, పెందుర్తి, కొత్తవలస, విజయనగరం మీదుగా ఇంకో పక్క. దువ్వాడ దగ్గర స్టీల్ ప్లాంట్ ఉంది, సెజ్ ఉంది. అంటే జనం ఎక్కడ ఉంటున్నారో, ఎక్కడికి పనికి వెళ్తున్నారో, ఆ రెండింటినీ కలిపే దారి ఎప్పుడో పడి ఉంది.

చిన్న లెక్క చెప్తాను. పన్నెండు పెట్టెల మెమూ రైలు అనుకోండి. పెట్టెకి నూట యాభై మంది చొప్పున వేసినా 1,800 మంది. అదే బస్సుకి యాభై మంది అయితే 36 బస్సులు కావాలి. గంటకి రెండు రైళ్లు నడిస్తే 72 బస్సుల జనం రోడ్డు మీంచి దిగిపోతారు. దీనికోసం ఎవరి ఇల్లూ కూలగొట్టక్కర్లేదు.

"విశాఖ స్టేషన్‌లో బండి వెనక్కి తిరగాలి కదండీ, ఆలస్యమవుతుంది కదా" అంటారు. నిజమే, ఇంజన్ మార్చాల్సిన బళ్లకి ఆ ఇబ్బంది ఉంది. మెమూకి రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది. ఇంజన్ విప్పి, తగిలించే పని లేదు. సిబ్బంది అటు చివరికి వెళ్తే బండి బయల్దేరొచ్చు.

మరి అసలు అడ్డంకి ఏంటి? ఆ పట్టాల మీద ఖాళీ లేకపోవడం. పోర్టుకి వచ్చే ముడి ఇనుము, పోర్టు నుంచి వెళ్లే బొగ్గు, హౌరా–చెన్నై ఎక్స్‌ప్రెస్‌లు, అన్నీ ఇక్కడే. లైన్ బిజీగా ఉంటే పక్కన ఆగేది మన పాసింజరే. హైదరాబాద్‌లో 2003లో ఎంఎంటీఎస్ మొదలైంది. ఉన్న పట్టాల మీదే లోకల్ నడపొచ్చని అది చూపించింది. వేళ తప్పితే జనం రైలుని నమ్మరన్న పాఠం కూడా అక్కడిదే. పది నిమిషాలు లేటయితే ఎక్స్‌ప్రెస్ ప్రయాణికుడు విసుక్కుంటాడు. షిఫ్ట్‌కి వెళ్లేవాడికి ఆ పూట జీతం పోతుంది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 2023 అక్టోబర్ 29 సాయంత్రం. కంటకాపల్లి, అలమండ మధ్య పలాస పాసింజర్‌ని వెనక నుంచి రాయగడ పాసింజర్ గుద్దింది. పదిమందికి పైగా పోయారు. ఆ రాత్రి మా ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. "నువ్వు ఆ బండిలో లేవు కదా" అని. ఆ లైన్ మీద నేను ఎన్ని సాయంత్రాలు తిరిగానో నాకే లెక్క లేదు. అందుకే రైళ్లు పెంచమని అడిగే నేనే, ముందు సిగ్నళ్లు సరిచేసి, రెండు బళ్లు ఒకే లైన్ మీద దగ్గరైతే వాటంతట అవే ఆగే కవచ్ పెట్టమని అడుగుతున్నాను. భయపడుతూ ఎక్కే లోకల్ ఎవరికీ వద్దు.

రైలు అన్నీ తీర్చేస్తుందని కూడా అనను. మధురవాడ, రుషికొండ, భోగాపురం వైపు ఈ పట్టాలు వెళ్లవు. అక్కడికి బస్సులు కావాలి, మెట్రో కావాలి. కానీ అనకాపల్లి వైపు, పెందుర్తి వైపు నుంచి వచ్చేవాళ్లని మెట్రో వచ్చేదాకా రోడ్డు మీద ఎందుకు నిలబెట్టాలి?

నేను అడిగేవి మూడే. పొద్దున్న ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది, ఈ వేళల్లో అరగంటకో మెమూ. ఆ వేళల్లో గూడ్సు పక్కన ఆగాలి, లోకల్ ముందు వెళ్లాలి. దువ్వాడ, గోపాలపట్నం, పెందుర్తి స్టేషన్ల బయట రైలు దిగే టైముకి సిటీ బస్సు సిద్ధంగా ఉండాలి. బస్సు లేకపోతే మూడు కిలోమీటర్లకి ఆటోవాడు అడిగిందిచ్చి, మర్నాడు మళ్లీ బైకే తీస్తారు.

విశాఖ కేంద్రంగా సౌత్ కోస్ట్ రైల్వే జోన్ అని 2019లో ప్రకటించారు, 2025 జనవరిలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. మంచిదే. జోన్ వచ్చిందని కొత్తవలస కూలీకి తెలియాల్సింది బోర్డు చూసి కాదు, పొద్దున్న ప్లాట్‌ఫామ్ మీద బండి చూసి.

మీరు ఏ స్టేషన్‌లో ఎక్కుతారు, ఎన్నింటికి డ్యూటీలో ఉండాలి, ఈ రెండు ముక్కలు రాసి పంపండి. అన్నీ కలిపి పట్టిక వేసి మన ఎంపీ గారికి, రైల్వే వాళ్లకి ఇద్దాం. "రైళ్లు కావాలి" అంటే వింటారో లేదో. "ఈ స్టేషన్‌లో ఈ టైముకి ఇంతమందిమి నిలబడతాం" అంటే కాదనడం కష్టం.