గుమ్మటం కింద పాట



టర్కీలో గ్రీసు, బల్గేరియా సరిహద్దులకు దగ్గరగా ఎదిర్నే అనే ఊరుంది. ఇస్తాంబుల్‌కు మారకముందు ఒట్టోమన్ సుల్తానులు అక్కడినుంచే ఏలారు. ఆ ఊళ్లో తుంజా నది ఒడ్డున రెండో బాయజీద్ సుల్తాను కట్టించిన మసీదు, వైద్య పాఠశాల, అన్నదానపు వంటశాల, ఆసుపత్రి 1488 నాటికి పూర్తయ్యాయి.

ఆ ఆసుపత్రి నడుమ పెద్ద గుమ్మటం. దాని కింద ఆరు పలకల హాలు, మధ్యలో చిమ్మే నీళ్లు, చుట్టూ రోగుల గదులు. ఒక పక్కన వాద్యకారులు కూర్చోవడానికి అరుగు. అక్కడ మొదలైన పాట గుమ్మటాన్ని తాకి గదులన్నిటికీ చేరేది. 17వ శతాబ్దంలో ఆ ఊరు చూసిన యాత్రికుడు ఎవ్లియా చెలెబీ తన గ్రంథంలో రాశాడు: పదిమంది కళాకారులు, వాళ్లలో ముగ్గురు గాయకులు, వారానికి మూడుసార్లు రోగుల కోసం పాడి వాయించేవారట. మనసు చెదిరినవాళ్లు కూడా ఆ రోగుల్లో ఉన్నారు.

ఏ రోగానికి ఏ మకామ్ అన్న జాబితాలు ఆ కాలపు గ్రంథాల్లో కనిపిస్తాయి. మకామ్ అంటే మన రాగం లాంటిదే. ఫలానా రాగం ఫలానా జబ్బుకని చెప్పేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఆ జాబితాలను నేను నమ్మలేను. నా మనసు మాత్రం ఆ అరుగు దగ్గరే ఆగిపోతుంది. గోడలు లేపేటప్పుడే పాటకు చోటు ఉంచారు చూడండి, రోగి బాధ తెలిసినవాళ్లు చేసే పని అది.

రోగి కోసం పాటను ఆశ్రయించింది ఎదిర్నేలోనే కాదు. స్పెయిన్ రాజు ఐదో ఫిలిప్ తీవ్రమైన దిగులుతో మంచం దిగడం మానేస్తే, 1737లో రాణి ఫారినెల్లి అనే గాయకుణ్ని పిలిపించింది. 1746లో రాజు పోయేదాకా అతను రాత్రివేళ ఆయన కోసం పాడుతూనే ఉన్నాడు. జబ్బు పూర్తిగా పోలేదు, కానీ రాజు లేచి గడ్డం గీయించుకుని సభకు వచ్చాడని చెబుతారు. మంచం దిగని మనిషికి అదేం తక్కువ?

రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల మధ్య పాట చేసిన మేలు చూశాక, అమెరికాలో పాటతో చేసే వైద్యం ఒక చదువయింది. 1944లో మిషిగన్‌లో దానికి డిగ్రీ కోర్సు మొదలైంది. ఇప్పుడు పక్షవాతంతో మాట పోయినవాళ్లకు పాట ద్వారా మాట నేర్పే పద్ధతి ఉంది. మాట పెగలని నోట పాట పలుకుతుంది, ఎందుకంటే పాటకు మెదడులో వేరే దారులూ ఉన్నాయి.

ఎదిర్నే ఆసుపత్రి ఇప్పుడు వైద్య చరిత్ర మ్యూజియం. మీ ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే, మందులు మానకండి. వాళ్లకు ఏ పాట ఇష్టమో అడగండి. పాత భక్తిగీతమో, నాటక పద్యమో, సినిమా పాటో వాళ్లనే ఎంచుకోనివ్వండి. అది పెట్టి, కాసేపు పక్కన కూర్చోండి.