షాఫ్టును అడిగినవా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడినవారిలో డాక్టర్లున్నారు, పెద్ద ఆఫీసర్లున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళున్నారు. నేను 1986లో ఈ బడిలో పదో తరగతి పాసై, ఐటీఐలో టర్నర్ ట్రేడు చేసి, హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో పదేళ్ళకు పైగా పనిచేసి, తిరిగొచ్చి నిజామాబాద్–బోధన్ రోడ్డు మీద లేత్ షెడ్డు పెట్టుకున్నవాణ్ణి. రైస్ మిల్లుల షాఫ్టులు, చెరుకు రసం మిషన్ల రోలర్లు, పసుపు పాలిష్ డ్రమ్ముల బుష్‌లు, ఇవే మా పనులు. కార్యదర్శి ఫోన్ చేసి "నువ్వు తయారుచేసిన ఆ అంకెల డబ్బా గురించి చెప్పరా" అన్నాడు. అదే చెప్తాను. ఇంతకు మించి నాకు తెలిసింది కూడా తక్కువే.

మా షెడ్డులో ఒక ఉస్తాద్ ఉండేవారు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ మీ అందరికీ తెలుసు. దాని వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు లేత్ మీద నిలబడిన మనిషి. అక్కడి నుంచి బయటికొచ్చాక నా దగ్గర చేరారు. ఓనర్ని నేనే అయినా, ఆయనకు నేను "బేటా"నే. 2013 ప్రాంతంలో నేనొకటి గమనించాను. పనిలో ఉన్నప్పుడు ఆయన ఊరికే కుర్రాణ్ణి పిలిచి "గీత ఏడికొచ్చింది చూడు" అంటున్నారు. వాణ్ణి నేర్చుకొమ్మని అడుగుతున్నారేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయనకు డయల్ మీది గీతలు కనబడటం లేదు. షుగర్ వ్యాధి కళ్ళకు పాకింది. ఆయనే నవ్వుతూ, "ముప్పై ఏండ్లు షుగర్ ఫ్యాక్టరీల చేసిన బేటా, అదే ఎంటొచ్చింది" అన్నారు. మరుసటి వారం పనికి రాలేదు. ఇంటికి పోతే, "గీత కనబడనోడు లేత్ కాడ ఎందుకు" అన్నారు.

లేత్ తెలియనివారికి రెండు మాటలు. ఇనుప కడ్డీ తిరుగుతుంటే, ఉలి లాంటి టూల్ దాన్ని చెక్కుతుంది. టూల్‌ను ముందుకు జరపడానికి ఒక పిడి, పిడి వెనుక స్క్రూ, పిడి మీద గీతల డయల్. మా లేత్‌లో ఒక గీత అంటే 0.05 మిల్లీమీటరు. కానీ అది నలభై ఏళ్ళ పాత మిషన్. స్క్రూ అరిగి, పిడిని వెనక్కి తిప్పితే పావు చుట్టు దాకా టూల్ కదలదు, డయల్ మాత్రం తిరుగుతుంది. దీన్ని మేం 'ప్లే' అంటాం. అంటే కళ్ళున్నవాడికి కూడా ఆ డయల్ సగం అబద్ధమే చెప్తుంది. ఉస్తాద్ ఆ అబద్ధాన్ని చేతి స్పర్శతో సరిదిద్దుకుంటూ వచ్చారు.

దీనికి మందు డిజిటల్ రీడౌట్, మా భాషలో డీఆర్ఓ. స్క్రూను నమ్మకుండా, స్లైడు ఎంత జరిగిందో నేరుగా కొలిచి పెద్ద అంకెల్లో చూపిస్తుంది. కంపెనీ డీఆర్ఓలో గాజు స్కేలు ఉంటుంది. దాని మీద మిల్లీమీటరుకు యాభై చొప్పున సన్నని గీతలు. దాని ముందు అలాంటి గీతలే ఉన్న చిన్న గాజు ముక్క కదులుతుంటే వెలుగు నీడలు మారుతుంటాయి, వాటిని లెక్కపెడతారు. 1950లలో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఫెరాంటీ సంస్థ ఇంజనీర్లు ఈ పద్ధతిని మిషన్ల మీదికి తెచ్చారు. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి జరిపితే అలల్లాంటి చారలు కదులుతాయి చూడండి, అదే కిటుకు. అప్పుడు మాకు చెప్పిన ధర ముప్పై వేలు దాటింది. ఆ ఏడు నా దగ్గర అంత లేదు. ఉస్తాద్ ఇంట్లో కూర్చుని ఉన్నారు.

మొదట పాత కంప్యూటర్ మౌస్ విప్పాను. కింద బంతి ఉండే రకం. అందులో చీలికలున్న చిన్న చక్రం, దానికి అటు లైటు, ఇటు రెండు కళ్ళు. ఒక కన్ను చాలదా, రెండెందుకు అని చాలా రోజులు అర్థం కాలేదు. మన నవీపేట్ మేకల సంతలో అర్థమైంది. గేటు దగ్గర ఒక్కణ్ణి నిలబెడితే ఎన్ని మేకలు దాటాయో చెప్తాడు గానీ, లోపలికి పోయాయో బయటికి పోయాయో చెప్పలేడు. అడుగు దూరంలో ఇద్దరిని నిలబెడితే, ముందు ఎవడు అరిచాడో దాన్ని బట్టి దిక్కు తెలుస్తుంది. మౌస్‌లో రెండు కళ్ళు చేసేదీ అదే. ఆ చక్రానికి రబ్బరు రోలర్ బిగించి లేత్ బెడ్ మీద దొర్లించాను. అంకెలు వచ్చాయి! పూట గడిచేసరికి నూనె అంటుకుని రోలర్ జారింది, లెక్క తప్పింది.

రెండోసారి చైనా డిజిటల్ కాలిపర్ కొన్నాను. దాని బ్లేడు మీది స్టిక్కర్ కింద రాగి పలకల వరుస ఉంటుంది. కదిలే డబ్బాలోని పలకలకూ వీటికీ మధ్య కెపాసిటెన్స్ మారడాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. పక్కన చిన్న మూత తీస్తే నాలుగు రాగి చుక్కలు, వాటి నుంచి అంకెలను వైరుతో బయటికి తీసుకోవచ్చు. పొడి చేతులతో బల్ల మీద అద్భుతంగా పనిచేసింది. లేత్‌కు బిగించాక, కూలెంట్ నీళ్ళు నాలుగు చుక్కలు పడగానే అంకెలు గంతులేశాయి. తడి దానికి పనికిరాదు.

మూడోది నిలిచింది. అయస్కాంతపు పట్టీ. ఎనిమిదో తరగతిలో మా సైన్స్ సారు కాగితం కింద అయస్కాంతం పెట్టి ఇనుప రజను చల్లి చూపించారు, గుర్తుందా? ఈ రబ్బరు పట్టీ మీద మెత్తని రజను చల్లితే మిల్లీమీటరుకొక గీత లేస్తుంది. ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అలా పట్టీ పొడవునా. దాని మీదుగా అర మిల్లీమీటరు లోపు ఎత్తులో ఏఎస్5311 అనే ఆస్ట్రియా చిప్ ఒకటి కదులుతుంది. ఒక ఉత్తర దక్షిణాల జత 2 మిల్లీమీటర్లు, దాన్ని అది 4096 భాగాలు చేస్తుంది. అంటే ఒక్కో భాగం 0.0005 మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ. దాని కాళ్ళు ఎంత దగ్గరగా ఉంటాయంటే నా సోల్డరింగ్ ఐరన్ వాటి ముందు గడ్డపారలా ఉంది. నిజామాబాద్‌లో మొబైల్ రిపేర్ చేసే తమ్ముడు తన మైక్రోస్కోప్ కింద అతికించి పెట్టాడు, చాయ్ మాత్రమే తాగాడు. అక్కడి నుంచి ఒక ఆర్డుయినో బోర్డు, చీకట్లో కూడా కనబడే ఎర్ర అంకెలు. అంకెలు మాత్రం ఉస్తాద్ కోసం రెండంగుళాల ఎత్తున పెట్టాను.

ఆయన వచ్చారు. దూరం నుంచి చూసి, పిడి తిప్పి, "కనబడుతుంది" అన్నారు. అంతే.

ఇక్కడితో ఆపితే నాకు చప్పట్లు కొడతారు. కానీ ఆ తర్వాతిది చెప్పకపోతే తప్పు.

యాసంగి వడ్లు మిల్లులకు చేరే రోజులు. ఒక మిల్లు షాఫ్టు విరిగి మా దగ్గరికి వచ్చింది. బేరింగ్ కూర్చునే చోట 50 మిల్లీమీటర్లకు నూరో వంతు ఎక్కువ ఉండాలి. ఉస్తాద్ చివరి కోతకు ముందు మిషన్ ఆపి "మైక్రోమీటర్ పెట్టు" అన్నారు. నేను తొందరలో ఉన్నాను. డబ్బా మీద నాకు గర్వం కూడా ఉంది. "అవసరం లేదు ఉస్తాద్, ఇది వెంట్రుకలో నూరో వంతు చెప్తుంది" అని నేనే కోత పెట్టాను. బేరింగ్ తొడిగితే వేళ్ళతోనే జారిపోయింది. కొలిస్తే 49.95. ఆయన ఏమీ తిట్టలేదు. "డబ్బాను అడిగినవ్ బేటా. షాఫ్టును అడిగినవా?" అన్నారు.

తప్పు చిప్‌ది కాదు. చిప్‌ను పట్టుకున్న బ్రాకెట్‌ను నేను పల్చని రేకుతో చేశాను. ఒక ఇనుప చుట్ట దాని సందులో ఇరుక్కుని రేకును 0.03 మిల్లీమీటరు వెనక్కి వంచింది. స్లైడు ముందుకు పోయింది, చిప్ మాత్రం వెనుకబడింది. లేత్‌లో టూల్ ఎంత లోపలికి పోతే వ్యాసం దానికి రెండింతలు తగ్గుతుంది కాబట్టి 0.03 కాస్తా 0.06 అయింది. వెల్డింగ్ పోసి సరిచేస్తే షాఫ్టు వంగుతుందని భయం. నా ఖర్చుతో కొత్త కడ్డీ తెచ్చి ఆ రాత్రే మళ్ళీ చేశాం. ఉస్తాద్ తెల్లవారుజాము దాకా నిలబడ్డారు.

ఆ తర్వాత నేను చిప్‌ను వదిలేసి దాన్ని పట్టుకునే ఇనుము మీద పడ్డాను. బ్రాకెట్‌ను పన్నెండు మిల్లీమీటర్ల పలకతో చేశాను. పట్టీని మిషన్ కదిలే దిశకు సమాంతరంగా డయల్ గేజ్ పెట్టి సరిచూశాను. ఎందుకంటే 600 మిల్లీమీటర్ల పట్టీ ఒక కొసన 5 మిల్లీమీటర్లు వాలితే పొడవులో 0.02 తేడా వస్తుంది. ఈ లెక్క ఎవరు నేర్పారంటారా? ఈ బడిలోనే, పైథాగరస్ సిద్ధాంతం. లెక్కల సారు ఇక్కడే ఉన్నారు. సారూ, ఆ రోజు "ఇది ఎందుకు పనికొస్తుంది సార్" అని అడిగి బెంచీ ఎక్కింది నేనే.

ఇంకో దెబ్బ మన ఎండ కొట్టింది. పొడవు వైపు పట్టీని జనవరిలో అల్యూమినియం చానల్‌కు అతికించాను. మే నెలలో పెద్ద వెర్నియర్‌తో సరిచూస్తే, డబ్బా 600 అన్నచోట అసలు 600.17 ఉంది. ఒక డిగ్రీ వేడికి మీటరు ఇనుము సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది, అల్యూమినియం 23. జనవరి చలికీ మన మే ఎండకూ పాతిక డిగ్రీల తేడా వేసుకుని గుణించండి, సరిగ్గా అదే వస్తుంది. చానల్ పీకేసి ఉక్కు పట్టీ వేశాను. కరెంటు పోతే లెక్క సున్నాకు పడిపోయే రోగం మాత్రం ఒక పాత బ్యాటరీతో కుదిరింది.

ఉస్తాద్ ఆ లేత్ మీద ఇంకో ఆరేళ్ళు పనిచేశారు. చివరి కోతకు ముందు మిషన్ ఆపి కుర్రాణ్ణి పిలిచేవారు, ఈసారి దాచకుండానే. వాడు మైక్రోమీటర్ చదవాలి, ఆయన ఎర్ర అంకె చదవాలి. రెండూ కలిస్తేనే కోత. ఆ కుర్రాడే ఇప్పుడు మా షెడ్డులో పెద్ద టర్నర్. ఉస్తాద్ బోధన్‌లో కొడుకు దగ్గర ఉన్నారు. ఈ సభకు వస్తానన్నారు గానీ ఆరోగ్యం కుదరలేదు.

ఆ పాత పట్టీ, చిప్, డబ్బా ఈరోజు వెంట తెచ్చాను. భోజనాల షామియానా పక్కన బల్ల మీద పెట్టాను, మైక్రోమీటర్ కూడా ఉంది. పిల్లలు రండి, తిప్పి చూడండి, పాడైతే మళ్ళీ చేసుకుందాం. సారూ, ముందు మాత్రం మీరే తిప్పాలి.